గురువారం కొలత

పోయిన వారం కథలో కండెల అత్త చూపుడువేలు రిపోర్టులో ఒక తేదీ మీద ఆగింది. "అదేంటమ్మాయ్, గురువారం వచ్చి కొలిచారా?" అని ఆమె అడగడంతో మనమూ అక్కడే ఆగిపోయాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం. మరమగ్గాల మిల్లులో పనిచేసే అరవై ముగ్గురు తమ చెవులు పోతున్నాయని కార్మిక శాఖకు అర్జీ పెట్టుకున్నారు. మిల్లు యజమాని అదంతా ఒట్టిదన్నాడు. ఎవరి మాట నమ్మాలో తేలక, శబ్దం కొలిచి రిపోర్టు ఇవ్వమని అధికారి పక్కనున్న కాలేజీని అడిగాడు. ఫిజిక్స్ మూడో సంవత్సరం చదువుతూ, విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్న మన డెసిబెల్ ఆ పని నెత్తికెత్తుకుంది. తన తండ్రి ఆ మిల్లులోనే మేస్త్రీ అన్న సంగతి దాచలేదు. "మేస్త్రీ కూడా కార్మికుడే కదమ్మా, పర్లేదు" అన్నాడు అధికారి. ఎనిమిది మందిని కూడగట్టుకుని, మీటరు పట్టుకుని, మిల్లంతా తిరిగి కొలిచింది. ఎనభై ఎనిమిది డెసిబెల్స్ వచ్చింది. పరిమితి తొంభై. అంటే మిల్లు తప్పేమీ లేదన్నమాట. ఆ మాటే రాసి సంతకం పెట్టింది. సోమవారం మధ్యాహ్నం మూడింటికి విచారణలో దాన్ని తనే నిలబడి చదవాలి.

ఆ పిల్ల అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎప్పుడు చూసినా చేతిలో శబ్దం కొలిచే మీటరు ఉండటం ఆ పేరుకు ఒక కారణం. గొంతు రెండో కారణం. క్యాంటీన్లో తనొక్కతే టీ చెప్పుకున్నా, మాకూ చెప్పిందేమో అని మూడు బల్లల అవతలివాళ్ళు తలెత్తి చూసేంత గొంతు.

శనివారం మధ్యాహ్నం, ల్యాబులో ముగ్గురే ఉన్నారు. డెసిబెల్, కండెల అత్త, ఇంకా సంఘం కార్యదర్శి సగటు. వాడు స్టాటిస్టిక్స్ విద్యార్థి. దేన్ని చూసినా సగటు తీయకుండా ఉండలేడు గనక వాడికా పేరు. అత్త ఇరవై రెండేళ్ళుగా మిల్లులో దారం కండెలు చుడుతోంది. వరసకు ఎవరికీ ఏమీ కాదు గానీ ఆ వాడలో పిల్లలందరికీ అత్తే.

"గురువారమైతే ఏంటత్తా?" అంది డెసిబెల్.

"గురువారం నూనె పట్టే రోజు కదా. ఒక మగ్గం వదిలి ఒక మగ్గం ఆపేస్తారు. పొద్దున సగం, మధ్యాహ్నం మిగతా సగం. నలభై ఎనిమిదిలో ఏ టైముకి చూసినా ఇరవై నాలుగే ఆడుతుంటాయి. వారం మొత్తం మీద మాకు కాస్త తల తేలిగ్గా ఉండేది ఆ ఒక్క రోజే."

డెసిబెల్ రిపోర్టు మొదటి పేజీ తిప్పింది. 'నడుస్తున్న మగ్గాలు: ఇరవై నాలుగు' అని తన చేత్తో రాసిందే, తన అక్షరాలే. ఆగి ఉన్నవాటిని చూడకపోలేదు. చూసింది, పక్కనే ఉన్న తండ్రిని అడిగింది కూడా. "అవి పాతవి తల్లీ, విడిభాగాల కోసం ఉంచారు" అన్నాడాయన. ఆమె తల ఊపి ఇరవై నాలుగు అని రాసుకుంది. దశాంశం తర్వాత రెండో అంకె దాకా జాగ్రత్తపడిన మనిషికి, రోజూ ఎన్ని మగ్గాలు ఆడతాయని ఇంకొకరిని అడగాలన్న ఆలోచనే రాలేదు.

"మరి ఆ రోజు ఎవరూ చెప్పలేదే!" అన్నాడు సగటు.

"నేను ఆ రోజు చెవి డాక్టరు దగ్గరికి పోయాను. ఉన్నవాళ్ళు మాత్రం ఎట్లా చెబుతారు నాయనా? కొలుస్తున్నంతసేపు ఎవరూ నోరు మెదపొద్దని మీరేగా అన్నారు. మగ్గం దగ్గర మీటరు పెట్టారు, మనిషిని పక్కకి జరగమన్నారు. శబ్దాన్ని అడిగారు గానీ మమ్మల్ని అడగలేదు."

ఆమె ఎత్తిపొడవడానికి అన్న మాట కాదది. జరిగింది జరిగినట్టు చెప్పింది. అందుకే డెసిబెల్‌కు మరింత గట్టిగా తగిలింది. ఎవరూ మాట్లాడొద్దన్న ఆ నియమం పెట్టింది తనే. కొలతలో మనుషుల గొంతులు కలవకూడదని పుస్తకంలో చదివింది.

సగటు కిటికీ వైపు తిరిగి వేళ్ళ మీద లెక్కేయసాగాడు. "సగం మగ్గాలకి ఎనభై ఎనిమిదైతే, మొత్తానికి..."

"తొంభై ఒకటి," అంది డెసిబెల్. "మగ్గాలు రెట్టింపైతే మీటరు మూడే పెరుగుతుంది."

"మూడేనా!" వాడి మొహం విప్పారింది. "మీటరు పొరపాటే ఒకటిన్నర ఉంటుంది. మూడు కోసం ఇంత రాద్ధాంతమా? చూడూ, రిపోర్టు వెనక్కి తీసుకున్నామంటే మన పరువు గంగలో కలుస్తుంది. మన సంఘం నడిపే సాయంత్రం బడికి గది ఇచ్చింది ఆ యజమానే. తాళం వేసేస్తే ముప్పై మంది పిల్లలు రోడ్డు మీద పడతారు."

"మీటరు మీద మూడేరా. చెవిలో పడే దెబ్బ రెట్టింపు. తొంభై ఒకటంటే పరిమితి దాటినట్టే."

"ఏంటంటున్నాడు?" అంది అత్త. "మొహం అటు తిప్పుకుని మాట్లాడితే నాకెట్లా తెలుస్తుంది?"

సగటు సిగ్గుపడి ఇటు తిరిగాడు. మగ్గాల మధ్య గొంతు చించుకున్నా వినపడదు గనక మిల్లులో అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు. శబ్దం లేకుండా, నోరంతా తెరిచి, ఒక్కో అక్షరాన్ని సాగదీస్తూ. పెదవి మాట అంటారు దాన్ని. డెసిబెల్‌కూ అది నడకతో పాటే వచ్చింది. అన్నం పట్టుకెళ్ళి షెడ్డు గుమ్మంలో నిలబడితే, తండ్రి లోపలి నుంచి పెదవులతోనే ముద్దు చేసేవాడు.

"మా మనవరాలు నన్ను అమ్మమ్మా అంటోందట," అంది అత్త. "పక్కవాళ్ళు చెబితే తెలిసింది. దాని నోరు చిన్నది కదా, పెదవులు చూసి పట్టుకోలేకపోతున్నా. ఇంతకీ గురువారం రమ్మని మీకెవరు చెప్పారమ్మాయ్?"

డెసిబెల్‌కు గుర్తొచ్చింది. తను మంగళవారం అనుకుంది. మంగళవారం సరుకు ఎత్తే రోజు తల్లీ, తొక్కిసలాటగా ఉంటుంది, గురువారం రండి అన్నాడు తండ్రి. ఆయనే అన్నాడు.

"గుర్తు లేదత్తా," అంది.

చిన్నప్పటి నుంచి ఎన్నో అబద్ధాలు ఆడి ఉంటుంది. కానీ వినపడని మనిషి తన పెదవుల వైపే కళ్ళప్పగించి చూస్తుంటే ఆడిన అబద్ధం ఇదే మొదటిది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

వాళ్ళ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు, పుస్తకాల అలమర. వెనక వంటగది. మధ్యలో తలుపు లేదు. మేస్త్రీ ఎప్పుడూ వీధి గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటాడు. ఇంకొకరు కూర్చుంటే నవ్వుతూనే లేపేస్తాడు. మిల్లులో అందరి మీదా కన్నేసి ఉంచే మనిషి, ఇంట్లోనూ ఆ పెత్తనం పోలేదని తల్లీకూతుళ్ళు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. కూతురు మాత్రం అది నిజమనే నమ్మేది.

ఆ సాయంత్రం ఆయన, మగ్గంలో దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే చెక్క నాడె ఒకటి ఒళ్ళో పెట్టుకుని దాని అంచును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. నాడెకు చిన్న పెచ్చు లేచినా దారం తెగుతుంది. మిల్లులో ఇంకెవరికీ అంత ఓపిక లేదు. మేస్త్రీ చెయ్యంటే ఆ వాడలో పెద్ద పేరు. ఏ మగ్గం మొరాయించినా వచ్చి అరచెయ్యి దాని చట్రం మీద వేసి, కళ్ళు మూసుకుని, ఫలానా చోట బోల్టు వదులైందని చెప్పేస్తాడు. తప్పడం ఎవరూ చూడలేదు.

డెసిబెల్ చెప్పులు విడిచి తిన్నగా వంటగదిలోకి పోయింది. అమ్మ పీట మీద కూర్చుని కూరలు తరుగుతోంది. కుళాయి విప్పి చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అడిగింది. తండ్రి మొహం చూస్తే మాట పెగలదని భయం. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి ఆ పిల్ల గొంతు తగ్గింది.

"గురువారం రమ్మని నాకెందుకు చెప్పావు నాన్నా?"

గరుకు కాగితం చప్పుడు ఆగలేదు.

"నిన్నే. గురువారం నూనె పట్టే రోజని నీకు తెలీదా?"

కాగితం రుద్దుతూనే ఉంది. డెసిబెల్‌కు ఒళ్ళు మండింది. తప్పు చేసి దొరికినప్పుడు మనిషి తడబడాలి, దబాయించాలి, కనీసం చేతిలో పనైనా ఆపాలి. ఇంత నింపాదిగా ఉంటాడా?

"నా చేత అబద్ధం మీద సంతకం పెట్టించావు. పట్టనట్టు కూర్చుంటావేంటి?"

అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "ఇటు తిరిగి అడుగమ్మా," అంది.

"ఏం?"

"మీ నాన్న వైపు తిరిగి అడుగు. నువ్వు మాట్లాడుతున్నావని ఆయనకు తెలీదు."

డెసిబెల్ కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆమె మెల్లగా తిరిగి చూసింది. తండ్రి నాడెను వెలుగు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి అంచు చూసుకుంటున్నాడు. మొహంలో ఏ కల్మషమూ లేదు. పని బాగా కుదిరిందన్న తృప్తి మాత్రమే ఉంది.

"నేను ఆయన్ని వెనక నుంచి పిలవడం మానేసి తొమ్మిదేళ్ళయింది," అంది అమ్మ. "ఎదురుగా పోయి నిలబడతాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

గుమ్మానికి ఎదురుగా కుర్చీ. టీవీ చూస్తూ తెర కంటే ఎక్కువగా తమ మొహాలు చూసే కళ్ళు. ఏదడిగినా ఒక క్షణం ఆగి చిరునవ్వుతో వచ్చే జవాబు. తొమ్మిదేళ్ళుగా కళ్ళముందే ఉన్నదంతా ఒక్కసారిగా ఆమె మీద పడింది. ఊరందరి చెవులూ కొలుస్తానని బయల్దేరిన పిల్ల, సొంత ఇంట్లో ఈ సంగతి ఎరగదు.

మేస్త్రీ తలెత్తి ఇద్దరి మొహాలూ చూశాడు. నాడె పక్కన పెట్టాడు. "ఏమైంది?" అన్నాడు. అమ్మ పెదవులు మాత్రం కదిపింది. తెలిసిపోయింది అని.

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. డెసిబెల్ వెళ్ళి ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎడమది పోయి తొమ్మిదేళ్ళు. కుడిది ఉంది కొంచెం. నీ గొంతు వినపడుతుంది." ఆయన నవ్వబోయాడు. "చిన్నప్పుడు నువ్వు మెల్లగా మాట్లాడేదానివి తల్లీ. గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు అని నేనే చెడగొట్టాను. కాలేజీలో నీకు పెట్టిన పేరు విని మీ అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు."

"మరి మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్పడం?"

"చెవి చేసే పని చెయ్యి నేర్చుకుంది. వణుకుని బట్టి చెప్పేస్తా. అదేదో గొప్ప విద్య అనుకుంటున్నారు. అనుకోనీ అని ఊరుకున్నా."

"గురువారం అని చెప్పమని ఓనరు అన్నాడా?"

"లేదు," అన్నాడు మేస్త్రీ వెంటనే. అమ్మ తల వంచుకుని తరగడం మొదలుపెట్టింది. "ఆయన ఏ రోజైనా రమ్మన్నాడు. నేనే చెప్పా. పరిమితి దాటిందని తేలితే డాక్టర్లొస్తారు. ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేస్తారు. ముందు మేస్త్రీనే. చెవుల్లేని మేస్త్రీని ఎవరు ఉంచుకుంటారు?"

"అరవై ముగ్గురున్నారు నాన్నా. కండెల అత్తకి మనవరాలి మాట వినపడటం లేదట."

"అత్తకి చెవి పోయినా కండెలు చుట్టుకోవచ్చు. నాకు పోయిందని తెలిస్తే..." అని ఆయన ఆగిపోయాడు. తను అన్నది తన నోటినే కాల్చినట్టు పెదవి కొరుక్కున్నాడు.

డెసిబెల్ ఆయన పక్కనున్న నాడెను చేతిలోకి తీసుకుంది.

"నువ్వు ఇంత పట్టుగా కొలుస్తావని నేననుకోలేదు," అన్నాడాయన. "కాలేజీ పిల్లలు, సేవ అంటారు, వచ్చి నాలుగు ఫొటోలు దిగి పోతారు, అంతే కదా అనుకున్నా. ఇదివరకు వచ్చినవాళ్ళందరూ అంతే. ప్రతి మగ్గం దగ్గరా నువ్వు ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని రాసుకుంటుంటే అప్పుడు భయమేసింది. గర్వంగానూ అనిపించింది. ఏం చేయను, అప్పటికే చెప్పేశాను."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"ఉన్నదున్నట్టు చదివెయ్. ఒక్క ఏడాది తల్లీ. నీ డిగ్రీ అయ్యేదాకా. ఆ తర్వాత నేనే పోయి చెప్పుకుంటా."

కుళాయి ఇంకా పోతూనే ఉంది. అమ్మ లేచి కట్టేసింది. తండ్రి ఆ చప్పుడు ఆగిందని గమనించలేదు. అది చూసి డెసిబెల్‌కు ఏడుపు ఆగలేదు. ఆయన ఒళ్ళో తల పెట్టి, గొంతు ఎంత లేస్తే అంత ఎత్తున ఏడ్చింది. ఆయన ఆమె వీపు మీద అరచెయ్యి వేశాడు.

*

ఆదివారం పొద్దున, సాయంత్రం బడి గదిలో తొమ్మిది మందీ కూడారు. మిల్లుకు సెలవు గనక మళ్ళీ కొలవడానికి వీల్లేదు. సోమవారం పొద్దున యజమాని వాళ్ళకు గేటు తియ్యడు. మిగిలింది ఒక్కటే దారి. కొలత తప్పని ఒప్పుకుని, మామూలు రోజున మళ్ళీ కొలిచే అవకాశం అడగాలి. డెసిబెల్ నిలబడి ఆ మాటే చెప్పింది. రోజు ఎంచుకున్నది తనే గనక తప్పు తనదేనంది.

"అధ్యక్షురాలిగా మీ అందరి పేర్లూ ఆ కాగితం మీదికి ఎక్కించాను. తీయాల్సిందీ నేనే. ఇది వద్దనుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పండి."

ఒకరిద్దరు గోడ మీది పిల్లల బొమ్మల వైపు చూశారు. రేపటి నుంచి ఈ గది ఉండదని అందరికీ తెలుసు. మిగతావాళ్ళు వెళ్ళాక సగటు తన నోటుబుక్కు తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు ఎంచుకోలేదు. నువ్వు మంగళవారం అన్నావు. ఇదిగో, రాసుకున్నా. తర్వాత మీ ఇంటికి పోయి వచ్చి గురువారం అన్నావు." గొంతు తగ్గించాడు. "మీ నాన్నా?"

ఆమె తలూపింది. వాడు ఆ పేజీ చింపలేదు, దాచలేదు, నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని, చదవాల్సిన నాలుగు వాక్యాలు రాశారు. ఆ నాలుగు వాక్యాలకు మూడు గంటలు పట్టింది.

సోమవారం పొద్దున మేస్త్రీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే డెసిబెల్ ఎదురుగా వెళ్ళి నిలబడింది. "నేను ఆ అంకె చదవను నాన్నా," అంది నిదానంగా.

ఆయన బొత్తాలు పెట్టుకోవడం ఆపలేదు. చివరి బొత్తాం అయ్యాక, "నా పేరు?" అన్నాడు.

"చెప్పను. ఎవరడిగినా చెప్పను."

ఆయన తల ఊపాడు. చెవుల సంగతి అడగలేదు. అది అడగక్కర్లేదని అనుకున్నాడేమో.

*

కార్మిక శాఖ హాల్లో నాలుగు ఫ్యాన్లు, నాలుగూ కిర్రుమంటున్నాయి. ఎడమ వైపు బెంచీల మీద అర్జీదారులు. కండెల అత్త ముందు వరసలో ఉంది. కుడి వైపు మిల్లు తరఫువాళ్ళు. మేస్త్రీ రెండో వరసలో కూర్చున్నాడు. యజమాని ఆయన వెనక వరసలో, వకీలు పక్కన. కూతురి మొహం బాగా కనపడే చోటే ఎంచుకుని కూర్చున్నట్టున్నాడు మేస్త్రీ.

డెసిబెల్ లేచింది. ఆ హాలుకు ఆమె గొంతు ఎక్కువే.

"మేం ఇచ్చిన కొలత తప్పు. అది నూనె పట్టే రోజున, సగం మగ్గాలు ఆగి ఉండగా తీసిన కొలత. ఆ అంకెను వెనక్కి తీసుకుంటున్నాం. మామూలు రోజున, పనిచేసేవాళ్ళను అడిగి, వాళ్ళ ఎదుట మళ్ళీ కొలిచే అవకాశం ఇప్పించండి."

అత్త చెయ్యి నోటికి అడ్డం వచ్చింది. ఎడమ వైపు బెంచీల్లో వినపడ్డవాళ్ళు వినపడనివాళ్ళకు పెదవులతో చెబుతున్నారు. యజమాని ఒంటికాలి మీద లేచాడు.

"ఇదేం ఆట సార్? సంతకం పెట్టి ఇచ్చిన రిపోర్టు ఇది. నాలుగు రోజులకో మాట మార్చే పిల్లలా మా మిల్లు సంగతి తేల్చేది?"

అధికారి తల వంచి ఏదో రాసుకుంటున్నాడు. రాస్తూనే అడిగాడు. "గురువారం వెళ్ళమని మీకెవరు చెప్పారమ్మా?"

"రోజు ఖరారు చేసింది నేనే సార్. కనుక్కోకుండా వెళ్ళాను. పొరపాటు నాది."

"అబద్ధం," అన్నాడు యజమాని. "రోజు మా మేస్త్రీతో మాట్లాడుకుని, అన్నీ కనుక్కునే వచ్చింది. ఆ సంగతి ఆయన్నే చెప్పనీండి. ఏం మేస్త్రీ?"

మేస్త్రీ కదల్లేదు. ఆయన చూపు కూతురి మీదే ఉంది.

"మేస్త్రీ! నిన్నే."

హాల్లో అందరూ ఆయన వైపు చూశారు. అన్ని మొహాలూ తన వైపు తిరగడం చూసి ఆయనకు అర్థమైంది, ఎవరో ఏదో అడిగారు. ఎవరు అడిగారో, ఏం అడిగారో తెలీదు. ఆయన మొహం మీద ఇంట్లో చూసిన ఆ చిరునవ్వే వచ్చింది. తప్పిపోయిన పిల్లాడి కళ్ళతో కూతురి పెదవుల వైపు చూశాడు.

పేరు చెప్పనని మాటిచ్చింది. చూస్తూ ఊరుకుంటానని ఎవరికీ మాటివ్వలేదు. ఆలోచించే వ్యవధి కూడా లేకపోయింది. ఆమె పెదవులు వాటంతటవే విడివడ్డాయి. శబ్దం లేకుండా, ఒక్కో అక్షరాన్ని సాగదీస్తూ అంది. నాన్నా, వెనక ఓనరు పిలుస్తున్నాడు. గురువారం సంగతి నిన్ను అడుగుతున్నాడు.

అధికారికి ఏమీ వినపడలేదు. వకీలుకు వినపడలేదు. ఎడమ వైపున్న అరవై ముగ్గురికీ మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందింది. అరవై మూడు తలలు ఒక్కసారిగా ఆమె పెదవుల మీంచి మేస్త్రీ మీదికి తిరిగాయి. తమ మేస్త్రీకి తమలాగే వినపడదని వాళ్ళకు అప్పుడు తెలిసింది. కండెల అత్త సగం లేచి నిలబడింది. ఆమె కళ్ళల్లో కోపం ఉందో జాలి ఉందో డెసిబెల్‌కు తెలియలేదు.

తను ఏం చేసిందో డెసిబెల్‌కు అప్పుడు తెలిసొచ్చింది.

యజమాని తెలివైనవాడు. పిల్ల పెదవులూ చూశాడు, మేస్త్రీ వీపూ చూశాడు. బెంచీ చుట్టూ తిరిగి వచ్చి మేస్త్రీ ముందు నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, చాలా ఆప్యాయంగా అన్నాడు. "చెవులు బాగానే ఉన్నాయి కదా మేస్త్రీ? గురువారం ఎవరు ఖరారు చేశారో ఆలోచించుకుని చెప్పు. తొందరేం లేదు."

అధికారి కలం కింద పెట్టాడు. "మీరు పక్కకి జరగండి," అని యజమానితో అని, ఈసారి తలెత్తి, మేస్త్రీకి తన మొహం కనపడేలా ముందుకు వంగాడు. "మేస్త్రీగారూ, మీకు వినపడక ఎన్నాళ్ళయింది?"

మేస్త్రీ లేచాడు. భుజం మీది చేతిని తీసి, దాని యజమానికి అప్పగించినట్టు పక్కన వదిలాడు. తన గొంతు ఎంత పైకి లేస్తోందో ఆయనకు తెలీదు. హాలు గోడలు అదిరేలా వచ్చింది ఆ మాట.

"అన్నీ చెబుతాను సార్. చెవుల సంగతి చెబుతాను, గురువారం సంగతీ చెబుతాను. మా అమ్మాయికి ఇంట్లో సగమే చెప్పాను. మిగతా సగం దీని చదువు ఫీజులకు సంబంధించింది. ముందు మా అమ్మాయిని బయటికి పంపండి. ఆ ముక్క ఇది వినకూడదు."

యజమాని మొహం పాలిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ జవాను డెసిబెల్ వైపు రెండడుగులు వేశాడు. డెసిబెల్ అక్కడే నిలబడింది.